యుకులేలే చేయమన్నారు, ఎలా మొదలుపెట్టాలి? ఒడిశా సరిహద్దు పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు నుంచి యుకులేలే (గిటార్ లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం) తయారీ మీద ఉత్తరాలు బాగానే వచ్చాయి. రాసినవారిలో ఎక్కువమంది మంచాలు, తలుపులు చేసే వడ్రంగులు. కొమ్ము పనివారూ ఉన్నారు. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేశాం. వేరే చెప్పని చోట కొలతలన్నీ కన్సర్ట్ సైజువి.

ప్రశ్న: మా ఊరి స్కూల్లో పాటలు నేర్పే టీచరమ్మ యుకులేలే చేసిపెట్టమన్నారు. నేను మంచాలు, అల్మారాలు చేస్తాను. ఏ సైజు చేయాలి? ఆవిణ్ణి ముందు ఏమేం అడగాలి? ధర ఎలా చెప్పాలి? (పర్లాకిమిడి)

చెక్క ముట్టుకునే ముందు అన్నీ ఒక కాగితం మీద రాసి, టీచరమ్మ చేత సంతకం పెట్టించండి. మంచం కాలు పొడుగైతే కోసి సరిచేయొచ్చు. మెడ వెడల్పు తప్పితే కొత్త మెడ చేయాల్సిందే.

సైజు అంటే తీగ మోగే పొడవు, దాన్నే స్కేల్ అంటారు. సొప్రానోకి 13 నుంచి 13.75 అంగుళాలు, కన్సర్ట్‌కి 15, టెనర్‌కి 17, బారిటోన్‌కి 19 నుంచి 20. మొదటి మూడింటికీ మామూలు శ్రుతి జి, సి, ఇ, ఎ. బారిటోన్‌కి గిటార్ కింది నాలుగు తీగల్లాగా డి, జి, బి, ఇ. పాడుతూ వాయించే పెద్దవాళ్లకు కన్సర్ట్ గానీ టెనర్ గానీ బాగుంటుంది. మొదటిసారి చేసేవాళ్లకు మేం కన్సర్టే చెబుతాం. సొప్రానో చిన్నది కదా, తేలికనుకుంటారు. అందులో మెట్టు (మెడ మీద అడ్డంగా దిగగొట్టే లోహపు తీగ) అర మిల్లీమీటరు తప్పినా చెవికి తెలిసిపోతుంది.

ఆ కాగితంలో తప్పనిసరిగా ఉండాల్సినవి కొన్ని. నట్ (మెడ పైకొసన తీగలు కూర్చునే గాళ్ల ముక్క) దగ్గర మెడ వెడల్పు మామూలుగా 35 మి.మీ.; గిటార్ అలవాటున్నవాళ్లు, లావు వేళ్లవాళ్లు 38 అడుగుతారు. మాటల్లో అడిగితే తేలదు, రెండు వెడల్పుల్లో చెక్కముక్కలు చేసి చేతికివ్వండి. వాయించేది కుడిచేత్తోనా, ఎడమచేత్తోనా? నాలుగో తీగ పై స్థాయి జినా, కింది స్థాయి జినా? కింది జి తీగ లావు, దాని గాడీ వెడల్పు. భుజానికి పట్టీ తగిలించుకుంటారా? అయితే పట్టీ గుండీ బిగించేచోట లోపల దిమ్మ వేయాలి, పెట్టె మూసేశాక అది కుదరదు. చివరగా, వాయిద్యం ఏ ఊళ్లో ఉండబోతోంది? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఎందుకు అడగాలో ఆఖరి జవాబులో చూడండి.

ధర సంగతి. చెక్క ఖరీదు ఇందులో చిన్న వాటా. మెట్ల తీగ, బిరడలు, తీగల సెట్టు బయటినుంచి తెప్పించాలి. మిగతాదంతా చేతిపని. పనితెలిసిన వడ్రంగికి మొదటి వాయిద్యం 40, 50 గంటలు తినేస్తుంది. మీ రోజుకూలీని గంటల లెక్కకు మార్చి వేసుకోండి. సగం అడ్వాన్స్ తీసుకోండి. తలభాగం మీద పేరు, బొమ్మ చెక్కమన్నవాటికి అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేది లేదని ముందే రాసుకోండి. ఇంకొకరి పేరున్న వాయిద్యాన్ని ఎవరూ కొనరు. బావమరిదికి చేసిచ్చిన ధర మాత్రం ఊరందరికీ చెప్పకండి.

ప్రశ్న: బొబ్బిలి వీణలు పనసతోనే చేస్తారు కదా. మా దగ్గర పనస, గంభారి, టేకు దొరుకుతాయి. యుకులేలేకి ఏది పనికొస్తుంది? హవాయి కోవా చెక్క తెప్పించమంటారా? (రాయగడ)

కోవా తెప్పించక్కర్లేదు. 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి ఓడలో హోనలులు చేరినవారిలో మాన్యువల్ నూనెష్, అగస్టో డియాస్, జోసే దో ఎస్పిరితు సాంతో ఉన్నారు. ముగ్గురూ ఫర్నిచర్ పనివాళ్లే. వాళ్ల ఊరి చిన్న గిటార్‌ను అక్కడ దొరికే కోవాతో చేయబట్టి అది యుకులేలే చెక్క అయింది. మీకు దగ్గర్లో దొరికేది పనస.

అయితే వీణ లెక్క ఇక్కడ పనికిరాదు. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో చేసే ఏకాండి వీణను ఒకే దుంగ తొలిచి చేస్తారు, దాని గోడలు మందం. యుకులేలే పలచటి పలకలు వంచి అంటించిన పెట్టె. దుంగ తొలవడానికి పనికొచ్చే మెలిక తిరిగిన నార ఇక్కడ వంపు దగ్గర చిట్లిపోతుంది. పనసలో నార తిన్నగా ఉన్న ముక్కను వెతకండి. చేవ మాత్రమే వాడండి, బయటి తెల్ల చెక్కకు పురుగు పడుతుంది. పసుపుగా ఉండే చేవ ఏడాది రెండేళ్లలో గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ సంగతి కస్టమర్‌కు ముందే చెప్పండి, లేకపోతే రంగు వెలిసిందని వస్తారు.

గంభారి, అంటే మన గుమ్మడి టేకు, తేలిక. ఎండకీ వానకీ తక్కువ కదులుతుంది. మెడకు మా మొదటి ఓటు దానికే. వెనక పలకకూ, లోపలి అంచు పట్టీలకూ బాగుంటుంది. మెత్తన కాబట్టి ముందు పలకగా వేస్తే గోళ్ల గీతలు పడతాయి. మహాగని దొరికితే అన్ని భాగాలకూ సరిపోతుంది. సితార్ పనివారు వాడే తూన్, అంటే నందివృక్షం, దొరికితే వదలకండి. టేకు బరువు, పైగా నూనె చెక్క. వెనకకీ పక్కలకీ వాడొచ్చు గానీ జిగురు పెట్టే ముందు అసిటోన్‌తో తుడిచి, ఆరిన వెంటనే అంటించాలి. రోడ్ల పక్కన నాటిన ఆస్ట్రేలియా తుమ్మ కోవాకు బంధువే. తిన్నటి దుంగ దొరకడమే కష్టం. దొరికితే ముందు పలకకు మంచి సరుకు.

జిట్రేగును వేళ్ల పలకకూ (మెట్లు కూర్చునేది), బ్రిడ్జికీ (ముందు పలక మీద తీగలు కట్టే దిమ్మ) దాచుకోండి. ఆ రెంటికీ గట్టి చెక్క కావాలి, చిన్న ముక్కలు చాలు. బిల్లు, అటవీశాఖ ట్రాన్సిట్ పర్మిట్ ఉన్న చెక్కే కొనండి. ఆంధ్ర నుంచి ఒడిశాకు దుంగ తెస్తుంటే చెక్‌పోస్టులో అడిగేది అదే. జిట్రేగు సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది కాబట్టి విదేశానికి పంపే వాయిద్యమైతే నిబంధనలు ముందే కనుక్కోండి.

కోత ఎలాంటిదన్నది జాతికన్నా ముఖ్యం. పలక అడ్డకోతలో వలయాల గీతలు నిట్టనిలువుగా కనబడాలి. ఆ కోత తేమకు తక్కువ కదులుతుంది, బిగువు ఎక్కువ. దుంగను 4, 5 మి.మీ. రేకులుగా కోయించి, మధ్యలో సన్నని పుల్లలు పెట్టి, గాలి ఆడే నీడగదిలో పేర్చండి. ఆరిందో లేదో చేత్తో చూసి చెప్పలేం. వారానికోసారి ఒక రేకును గ్రాముల త్రాసు మీద తూచండి. మూడు నాలుగు వారాలు బరువు మారకపోతే ఆరినట్టు.

ప్రశ్న: ఒకటి చేశాను. చూడటానికి బాగుంది గానీ మోత లేదు, చెక్కపెట్టె మీద తీగ కట్టినట్టుంది. ముందు పలక 3 మి.మీ., లోపల 10 మి.మీ. ఎత్తు పట్టీలు నాలుగు. మెలమైన్ పాలిష్ మూడు కోటింగులు కొట్టాను. (గుణుపురం)

మీ ఉత్తరంలోనే జవాబుంది. మీరు చేసింది చిన్న స్టూలు.

ఫర్నిచర్ చేసే చేతికి గట్టిదనం అలవాటు. విరక్కూడదు, ఊగకూడదు. యుకులేలే ముందు పలక ఊగకపోతే శబ్దమే లేదు. నాలుగు నైలాన్ తీగలు కలిసి లాగేది 15 నుంచి 20 కిలోలు. ఇనుప తీగల గిటార్‌లో అది 70 కిలోలు దాటుతుంది. ఆ కొద్ది లాగుడుకే పలక కదలాలి.

పలక బిగువు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 2 మి.మీ. పలకను 3 చేస్తే బరువు ఒకటిన్నర రెట్లే అవుతుంది గానీ బిగువు దాదాపు 3.4 రెట్లు అవుతుంది. పట్టీల ఎత్తుకూ ఇదే సూత్రం. 10 మి.మీ. పట్టీని 7కి దించితే బిగువు మూడో వంతుకు పడిపోతుంది, వెడల్పు అంతే ఉన్నా సరే.

పనసకు, మహాగనికి ముందు పలక 1.8 నుంచి 2 మి.మీ. వెనక పలక కూడా అంతే. పక్కలు 1.6 నుంచి 1.8. ముందు పలక కింద ధ్వని రంధ్రానికి పైనొకటి, కిందొకటి అడ్డపట్టీలు, 6 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. ఎత్తు. బ్రిడ్జి కింద 1.5 మి.మీ. పలచటి అతుకు పలక. దాని కిందుగా విసనకర్ర పుల్లల్లా పరిచిన మూడు సన్న పట్టీలు, 4 మి.మీ. ఎత్తు, చివరలు 1 మి.మీ.కి దిగేలా చెక్కాలి. అంతే. నాలుగో అడ్డపట్టీ మీ భయం కోసం వేసింది, వాయిద్యానికి అక్కర్లేదు. పట్టీలకు పైన్ పెట్టెచెక్కలో ముడిలేని, వలయాలు దగ్గరగా ఉన్న ముక్కను కోయకుండా కత్తితో చీల్చి తీసుకోండి. చీల్చినప్పుడు నార మొదటినుంచి చివరిదాకా తెగకుండా వస్తుంది, అందుకే తక్కువ చెక్కతోనే బలం.

ఉన్నదాన్ని బాగుచేయొచ్చు. వెనక పలక అంచు వెంట వేడిచేసిన పలచటి కత్తి దూర్చి, నెమ్మదిగా విడదీయండి. అడ్డపట్టీలు రెంటిని ఉలితో తీసేయండి, మిగతా రెంటిని 7 మి.మీ.కి దించండి. ముందు పలకను బయటినుంచి స్క్రేపర్‌తో గీకితే మెలమైన్ ఎలాగూ పోతుంది, 2.2 దాకా తీసుకురండి, ఆ తర్వాత అంచుల చుట్టూ రెండంగుళాల పట్టీలో 1.9కి పలచన చేయండి. ప్రతి కొద్దిసేపటికీ బ్రిడ్జి చోట వేలి కణుపుతో తట్టి వినండి. టక్‌మని తెగే శబ్దం నుంచి కాస్త సాగే, కిందికి దిగే శబ్దానికి మారుతుంది. అక్కడితో ఆపండి. ఇంకా పలచన చేస్తే పలక బ్రిడ్జికి ముందువైపు గుంటపడి, వెనకవైపు ఉబ్బుతుంది.

పాలిష్‌గా లక్క మేలు. చపడా లక్క 100 గ్రాములకు స్పిరిట్ లీటరు చొప్పున కలిపి, వడగట్టి, గుడ్డ ఉండతో పలచగా చాలాసార్లు తిప్పండి. వాన ముసురులో వేయకండి. తేమ పట్టి తెల్లగా మసకేస్తుంది. పూర్తయిన కన్సర్ట్ 450 నుంచి 600 గ్రాములు తూగాలి. 800 దాటిందంటే ఎక్కడో ఫర్నిచర్ మిగిలింది.

ప్రశ్న: పక్క పలకలు వంచేటప్పుడు నడుము దగ్గర విరిగిపోతున్నాయి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, జీఐ పైపును బ్లోల్యాంప్‌తో వేడిచేసి వంచుతున్నాను. (పద్మపూర్)

ముందు ఆ పైపు మార్చండి. జీఐ పైపుకు జింకు పూత ఉంటుంది, మంట తగిలితే వచ్చే పొగ పీల్చకూడదు. పూత లేని రెండంగుళాల ఇనుప పైపు చాలు.

చెక్కను వంచేది నీళ్లు కాదు, వేడి. నీరు వేడిని లోపలికి తీసుకుపోతుంది, పైన మాడకుండా చూస్తుంది. రాత్రంతా నానితే పనస ఉబ్బి, ఆరేటప్పుడు వంకర్లు పోతుంది. అరగంట చాలు, లేదా వంచేముందు తడిగుడ్డతో తుడిచినా చాలు. పైపు మీద నీటిచుక్క వేస్తే చిటపటమని గంతులేస్తూ పోవాలి, అదే సరైన వేడి. పలక 450 మి.మీ. పొడవు, 75 మి.మీ. వెడల్పు ఉండేలా కోసుకోండి, చివరలు తర్వాత కత్తిరించుకోవచ్చు. మందం 1.8 దాటితే నడుము దగ్గర విరగక మానదు. మీ ఉత్తరంలో మందం రాయలేదు, మా అనుమానం అక్కడే.

ముందు నడుము వంచండి, అది బిగువైన వంపు. వంపు బయటివైపు, అంటే పైపుకు తగలని వైపు, పలచటి స్టీలు రేకును ఆనించి, రెండిటినీ కలిపి పట్టుకోండి. విరుగుడు బయటి ముఖం మీద నార సాగి తెగడంతో మొదలవుతుంది, రేకు దాన్ని అదుముతుంది. చేత్తో తోయకండి. పైపు మీద ఆనించి, పలకను అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ ఆగండి. చెక్క మెత్తబడటం చేతికి తెలుస్తుంది, అప్పుడే నొక్కాలి. వంచిన వెంటనే అచ్చులో బిగించి మర్నాటిదాకా వదిలేయండి.

ప్రశ్న: మొదటి రెండు మూడు మెట్ల మీద వేలు పెడితే శ్రుతి హెచ్చుతోంది. పన్నెండో మెట్టు దగ్గర బాగానే ఉంది. మెట్లన్నీ పీకేయాలా? (జయపురం)

వద్దు. పన్నెండు సరిగ్గా ఉండి మొదట్లో హెచ్చుతోందంటే నట్ గాళ్లు లోతు చాలలేదు. తీగ ఎత్తున ఉండటంతో దాన్ని మెట్టుకు దించడానికి ఎక్కువ సాగదీస్తున్నారు, సాగితే శ్రుతి పెరుగుతుంది. రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య తీగను నొక్కి పట్టి, మొదటి మెట్టు మీద చూడండి. తీగకూ మెట్టుకూ మధ్య మామూలు కాగితమంత సందు ఉంటే చాలు. సన్న ఆకురాయితో తలభాగం వైపు కొద్దిగా వాలుగా రుద్దండి. తీగ గాడిలో ముందు అంచు మీదే కూర్చోవాలి. ఎక్కువ తెగితే ఖాళీ తీగ జర్రుమంటుంది, అప్పుడు కొత్త నట్టే.

పన్నెండో మెట్టు దగ్గర కూడా హెచ్చితే శాడిల్ (బ్రిడ్జి గాడిలో నిలబడి తీగల్ని మోసే సన్న ముక్క) వెనక్కి జరగాలి. ట్యూనర్‌లో పన్నెండో మెట్టు స్వరం 10 సెంట్లు (సెంటు అంటే ఒక మెట్టు స్వరభేదంలో నూరో వంతు) ఎక్కువ చూపిస్తే 2.2 మి.మీ. దాకా జరపాలి. కన్సర్ట్‌లో పన్నెండో మెట్టు నుంచి శాడిల్‌కు 190.5 కాదు, సుమారు 192.5 మి.మీ. ఉండాలి. ఆ 2 మి.మీ. కలపడం మర్చిపోయి బ్రిడ్జి అంటించేవాళ్లు చాలామంది.

స్వరాలు ఒక వరుస లేకుండా ఒకటి హెచ్చు, ఒకటి తగ్గు ఉంటే మాత్రం మెట్ల దూరాలే తప్పు. ప్రతి మెట్టునూ నట్ నుంచే కొలవాలి. ముందు మెట్టు నుంచి కొలుచుకుంటూ పోతే చిన్న తప్పులన్నీ చివరికి కూడతాయి. 381 మి.మీ. స్కేల్‌కి నట్ నుంచి వరసగా: 21.4, 41.6, 60.6, 78.6, 95.6, 111.6, 126.7, 141.0, 154.5, 167.2, 179.2, 190.5. వేరే స్కేల్‌కు మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగించి, వచ్చినదాన్ని నట్ నుంచి దూరానికి కలుపుకుంటూ పోండి. గాడి 0.6 మి.మీ. రంపంతో. లావు రంపంతో కోస్తే మెట్టు వదులై పైకి లేస్తుంది.

ప్రశ్న: గుర్తు చుక్కలు 3, 5, 7, 9 మెట్ల మీద పెట్టాను. కస్టమర్ తప్పు అంటున్నారు. (గుణుపురం)

గిటార్‌కు 9. యుకులేలేకు ఎక్కువమంది పెట్టేది 5, 7, 10, 12. ఎడమచేతివారికి పక్క చుక్కలు మెడ రెండో అంచున పెట్టాలని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: యుకులేలే ఇచ్చిన కొన్నాళ్లకే బ్రిడ్జి ఊడింది. ఫర్నిచర్ తెల్ల జిగురుతో అంటించాను. మే నెలలో కారులో పెట్టుకుని గోపాల్‌పూర్ వెళ్లారట. మోత ఎక్కువ రావాలని మాండలిన్ తీగలు కూడా వేయించుకున్నారు. తప్పు నాదా, వాళ్లదా? (బరంపురం)

ఇద్దరిదీ. ఊడిన ముఖాలు చూస్తే ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది. బ్రిడ్జి అడుగున పాలిష్ పొర అంటుకుని వస్తే, మీరు పాలిష్ మీద అంటించారు. పట్టు పాలిష్‌కే గానీ చెక్కకు లేదు. రెండువైపులా జిగురు నున్నగా మెరుస్తుంటే జిగురు వేడికి మెత్తబడి జారింది. చెక్క నార చీలి బ్రిడ్జికి పట్టుకుని వస్తే మీ పని మంచిదే, లాగుడు ఎక్కువైంది.

మామూలు తెల్ల జిగురు గట్టిగా పట్టినట్టే ఉంటుంది గానీ ఎడతెగని లాగుడు కింద కొంచెం కొంచెంగా జరుగుతుంది. మంచంలో అది తెలియదు. మూసిన కారులో ఎండ వేడికి ఆ జారుడు ఇంకా పెరుగుతుంది. బ్రిడ్జికి టైట్‌బాండ్ ఒరిజినల్ లాంటి పసుపు జిగురు వాడండి, లేదా పాతకాలపు వజ్రం, అంటే పశువుల తోలు, ఎముకలు కాచి చేసే జిగురు. వజ్రం ఒక వంతుకు నీళ్లు రెండు వంతులు పోసి, పూటంతా నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర ఉంచాలి. 70 దాటితే పట్టు పోతుంది. పూసిన నిమిషంలోపు బిగించేయాలి, కాబట్టి క్లాంపులు ముందే అమర్చి ఒకసారి ఉత్తుత్తిగా బిగించి చూసుకోండి. తేమా వేడీ కలిస్తే మాత్రం వజ్రం కూడా మెత్తబడుతుంది.

పాత జిగురు పూర్తిగా గీకండి. జిగురు మీద జిగురు పట్టదు. పలక మీద బ్రిడ్జి అంచుకు అర మిల్లీమీటరు లోపలిదాకా పాలిష్ తీసి, పచ్చి చెక్క కనబడనివ్వండి. పలకకు కొద్దిగా గోపురపు వంపు ఉంటుంది కదా, బ్రిడ్జి అడుగు దానికి సరిపోవాలి. పలక మీద సాండ్‌పేపర్ పైకి తిప్పి పరిచి, బ్రిడ్జిని దాని మీద రుద్దితే కుదురుతుంది. రంధ్రంలోంచి లోపల అడ్డచెక్క పెట్టి మూడు క్లాంపులు, 24 గంటలు.

మాండలిన్ తీగలు తీయించేయండి. నాలుగు ఇనుప తీగల లాగుడు నైలాన్‌కు రెట్టింపు ఉంటుంది. ఇనుప తీగ వేస్తే హామీ లేదని ఆర్డరు కాగితంలో ఒక వాక్యం చేర్చండి.

ప్రశ్న: మాది కొమ్ము పని. గేదె కొమ్ముతో నట్, శాడిల్ చేసి అమ్మొచ్చా? (పర్లాకిమిడి)

నిక్షేపంగా. నైలాన్, ఫ్లోరోకార్బన్ తీగలు కొమ్మును కోసేయవు. ఎముక కంటే కొమ్ము కాస్త మెత్తన, శబ్దంలో వాడి కొంచెం తగ్గుతుంది. గంభారి పలక ఉన్నవాటికి ఎముకే వేయమంటాం. నట్ 5 మి.మీ. మందం, శాడిల్ 3 మి.మీ. మీరు దువ్వెనలకు వేడితో చదును చేసే పద్ధతే గానీ, చదును చేసిన కొమ్ము తడి వాతావరణంలో మళ్లీ పాత వంపు వైపు పోవాలని చూస్తుంది. అందుకని మొదటే తిన్నగా ఉన్న కొన భాగం నుంచి కోయండి, కొన గట్టి కూడా. శాడిల్ గాడిలో వేలితో తోస్తే దిగాలి, బోర్లిస్తే రాలకూడదు. వదులైతే ముందుకు వాలి శ్రుతి చెడుతుంది. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు 2.5 మి.మీ. ఉంచండి, అక్కడ అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ అడుగు ఒక మిల్లీమీటరు తీయాలి.

జింక కొమ్ము, అడవిదున్న కొమ్ము ఎవరు తెచ్చినా ముట్టుకోకండి. రాలిన కొమ్మైనా సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

ప్రశ్న: కస్టమర్ ముందు పలకంతా సవర బొమ్మలు వేయమంటున్నారు. మోత చెడుతుందా? (రాయగడ)

మందపు అక్రిలిక్ నిండా పూస్తే చెడుతుంది. గీతబొమ్మలకు ఏమీ కాదు, సవర ఇడితాల్ బొమ్మలు గీతలే కదా. ముందు లక్క ఒక పొర వేసి నార మూయండి, లేకపోతే రంగు నారలోకి పాకి గీత చెదురుతుంది. దాని మీద పలచటి రంగుతో బొమ్మ, ఆరాక పైన లక్క. లక్కను గుడ్డతో రుద్దేముందు మూలలో ఒక చుక్క రంగు వేసి స్పిరిట్‌కు కరుగుతుందేమో చూసుకోండి. బ్రిడ్జి చుట్టూ, దాని కిందుగా ఖాళీ వదిలి, అంచుల వెంటా వెనక పలక మీదా నింపితే ఇంకా మేలు. బొమ్మ మాత్రం మీరు చూసి దించకండి. పుట్టాసింగి వైపు లాంజియా సవరల్లో వేసేవారున్నారు, వారిచేత వేయించి ఆ డబ్బు ధరలో కలపండి.

ప్రశ్న: ఛత్రపురంలో వానాకాలం చేసిన యుకులేలేను కొరాపుట్ పంపాం. జనవరిలో వెనక పలక నిలువునా చీలింది. చెక్క బాగా ఆరినదే. (ఛత్రపురం)

ఆరినదే, కానీ మీ ఊరి వానాకాలానికి ఆరినది. చెక్క చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్కలో 16 శాతం దాకా నీరు నిలుస్తుంది, 50 దగ్గర 9 శాతం. సముద్రం పక్కన ఉబ్బి ఉన్న పలకకు అడ్డంగా పట్టీలు అంటించారు. కొండ మీది చలికాలపు పొడిగాలిలో 200 మి.మీ. వెడల్పు పలక ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు కుంచించుకుపోవాలని చూస్తుంది. పట్టీలు ఒప్పుకోవు, పలక చీలుతుంది. పొడి ఊళ్లో చేసి తడి ఊరికి పంపితే చీలదు, ఉబ్బుతుంది, తీగలు ఎత్తుకు పోతాయి. రెంటిలో అదే నయం. అందుకే ఎక్కడ ఉంటుందో ముందే అడగమన్నాం.

పట్టీలు అంటించడం, పెట్టె మూయడం ఈ రెండు పనులూ గాలి తేమ 45 నుంచి 55 మధ్య ఉన్నప్పుడే చేయండి. గాలి తేమ చూపే చిన్న హైగ్రోమీటర్ కొని గోడకు తగిలించండి. వానాకాలం ఆగలేకపోతే ప్లైవుడ్ పెట్టె చేసి, లోపల 40 వాట్ల పాత బల్బు వెలిగించి, పలకల్ని బల్బుకు దూరంగా నిలబెట్టి, హైగ్రోమీటర్ 50 చూపేదాకా రెండు మూడు రోజులు ఉంచండి. బయటికి తీసిన గంటలోపు అంటించేయాలి. మెడ, మెట్ల పని, బిరడలు వానాకాలంలో చేసుకోవచ్చు. వెనక పలకకు పట్టీలను 4.5 మీటర్ల వ్యాసార్ధపు చాపంలా చెక్కి అంటిస్తే, కుంచించుకున్నప్పుడు వంపు కాస్త చదునై కొంత తట్టుకుంటుంది.

ఇప్పటి చీలికను జిగురుతో నింపకండి. సబ్బుపెట్టెకు చిల్లులు పెట్టి, తడిపి పిండిన స్పాంజి అందులో ఉంచి, వాయిద్యంతోపాటు కేసులో వేసి మూయండి. రోజూ స్పాంజి మార్చండి. నాలుగైదు రోజుల్లో చీలిక దానంతటదే మూసుకుంటుంది. అప్పుడు పసుపు జిగురును వేలితో చీలికలోకి రుద్ది, లోపలినుంచి 15 మి.మీ. చదరపు, 1.5 మి.మీ. మందం అతుకులను నార అడ్డంగా వచ్చేలా 40 మి.మీ.కు ఒకటి చొప్పున అంటించండి. ధ్వని రంధ్రంలోంచి చెయ్యి పట్టదు. తీగ కొక్కేనికి అతుకు తగిలించి లోపలికి దింపి, బయట అయస్కాంతం, లోపల అయస్కాంతం పెట్టి నొక్కిపట్టొచ్చు. తర్వాత కస్టమర్‌కు ఆ సబ్బుపెట్టె కూడా ఇచ్చి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కేసులోనే ఉంచమనండి.